మిషన్ కొనాలా, అద్దెకు తేవాలా? సర్వేయర్ పెట్టుబడి లెక్క

క్లుప్తంగా: కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్ కొనాలా, అద్దెకు తేవాలా అన్నది ధర ఒక్కటే తేల్చే విషయం కాదు. ఏడాదిలో మిషన్ పెట్టె ఎన్ని రోజులు తెరుచుకుంటుంది, అద్దె షాపు ఎంత దూరంలో ఉంది, ఆ పరికరం ఎంత వేగంగా పాతబడుతుంది అన్న మూడింటి మీదా అది ఆధారపడుతుంది. టోటల్ స్టేషన్‌కు పనికొచ్చే జవాబు, శాటిలైట్ సిగ్నల్‌తో స్థానం పట్టే రోవర్‌కు పనికిరాదు.

గోనె సంచి నుంచి కారు ధర దాకా

ఒకప్పుడు సర్వేయర్ సరంజామా ఒక గోనె సంచిలో పట్టేది. 66 అడుగుల గొలుసు, లంబకోణం చూసే క్రాస్ స్టాఫ్, టేపు, నాలుగు కర్రలు, ఒక సుత్తి. గొలుసుకు 100 లింకులు, పది చదరపు గొలుసులైతే ఎకరం. ఎఫ్ఎంబీలో (సర్వే నంబర్ల కొలతల పటాల పుస్తకం) జీ-లైన్ అనే ఆధార రేఖ, దాన్నుంచి హద్దుకు ఉండే ఆఫ్‌సెట్ల కొలతలు చూసుకుంటూ హద్దు పట్టేవాళ్లు. ఆ సరుకుకు అద్దె లెక్క వేసుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి నడిచేది, పాడైతే ఊళ్లో కమ్మరి కూడా లింకు సరిచేసేవాడు.

ఇప్పుడు అదే పనికి టోటల్ స్టేషన్, జీఎన్ఎస్ఎస్ (శాటిలైట్లతో స్థానం పట్టే) రోవర్ కావాలి. మాటల్లో మాత్రం రోవర్ సర్వే ఇంకా ‘డీజీపీఎస్ సర్వే’గానే నడుస్తోంది. ఈ రెండూ చేతిలో ఉండాలంటే చిన్న కారు ధర అవుతుంది.

రెండు రాష్ట్రాల్లోనూ ఇప్పుడు గిరాకీ పెరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరు 21న భూముల రీసర్వే మొదలైంది. దానికోసం 70 సీఓఆర్ఎస్ బేస్ స్టేషన్లు పెట్టారు. ఇవి శాటిలైట్ సిగ్నల్‌ను నిత్యం అందుకుంటూ, అందులోని పొరపాటు ఎంతో లెక్కగట్టి రోవర్లకు పంపే స్థిర కేంద్రాలు. తెలంగాణలో 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూ భారతి చట్టం వ్యవసాయ భూమి చేతులు మారేటప్పుడు సర్వే మ్యాప్ జతచేసే పద్ధతిని తెచ్చింది. ప్రభుత్వ సర్వేయర్లు చాలరు కాబట్టి లైసెన్స్‌డ్ సర్వేయర్లకు శిక్షణ ఇచ్చి, అదే ఏడాది అక్టోబరులో వేల మందికి లైసెన్సులు అందజేశారు. పట్టణాల వైపు చూస్తే, 2025 ఫిబ్రవరిలో కేంద్రం 152 పట్టణాల్లో పట్టణ భూముల సర్వే పథకం ‘నక్ష’ పైలట్ మొదలుపెట్టింది.

అంటే లైసెన్స్ చేతికొచ్చినా మిషన్ లేని మనుషులు ఒక్కసారిగా ఎక్కువయ్యారు. ‘అప్పు చేసి కొందామా, కొన్నాళ్లు కిరాయికి నడుపుదామా’ అన్న ప్రశ్న వాళ్లందరిదీ.

ఏడాదికి ఎన్ని రోజులు?

ముందు అంకెలు. మోడల్‌ను బట్టి, షాపును బట్టి ధరలు చాలా మారతాయి కాబట్టి కింద ఉన్నవి ఉదాహరణకు పెట్టుకున్నవే. ఎవరి అంకెలు వాళ్లు వేసుకుని చూసుకోవచ్చు.

ఒక టోటల్ స్టేషన్ జీఎస్టీతో కలిపి 5 లక్షలనుకుందాం. ఐదేళ్లు వాడి 1.5 లక్షలకు అమ్మితే తరిగింది 3.5 లక్షలు, ఏడాదికి 70 వేలు. మొత్తం సొమ్ము 11 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ తీసుకుంటే ఈఎంఐ 10,900 దాకా వస్తుంది. కట్టే వడ్డీ మొత్తం 1.52 లక్షలు, ఏడాదికి 30 వేల పైచిలుకు. క్యాలిబ్రేషన్ (మిషన్ కొలత సరిచూడటం), బ్యాటరీ, ఇన్సూరెన్స్, చిన్నాచితకా రిపేర్లకు 15 వేలు వేసుకుంటే సొంత మిషన్ ఏడాది ఖర్చు 1,15,500 దగ్గర తేలుతుంది.

అద్దె రోజుకు 1,500 అయితే ఈ ఖర్చు 77 రోజుల అద్దెకు సమానం. షాపు 18 శాతం జీఎస్టీతో బిల్లిస్తే రోజుకు 1,770 పడుతుంది, అప్పుడు 65 రోజులే. నెలవారీ అద్దె 25 వేలకు దొరికి, నెలలో 25 రోజులు పని చేయించగలిగితే రోజుకు వెయ్యే పడుతుంది. అప్పుడు కొనడం లాభమవ్వాలంటే 115 రోజులు దాటాలి.

65 నుంచి 115 దాకా ఇంత తేడా ఎందుకంటే, మనం అద్దెకు ఎలా తెస్తున్నామన్నదే లెక్కను మార్చేస్తోంది. ఒక రోడ్డు ప్రాజెక్టులోనో పెద్ద లేఅవుట్‌లోనో వరసగా రెండు నెలలు పని ఉన్నవాడికి నెలవారీ అద్దె చవక. అక్కడ రెండెకరాలు, ఇక్కడ అరెకరం అంటూ తిరిగేవాడికి రోజు అద్దె జేబు ఖాళీ చేస్తుంది. లైసెన్స్‌డ్ సర్వేయర్‌కు వచ్చేది ఎక్కువగా ఈ రెండో రకం పనే.

అద్దె రోజు వేరు, పని రోజు వేరు

పై లెక్కలో ఒక మోసం ఉంది. అద్దె మీటరు మిషన్ షాపు గడప దాటినప్పుడు మొదలవుతుంది, పొలంలో ట్రైపాడ్ నిలబెట్టినప్పుడు కాదు.

షాపు హైదరాబాద్‌లో, పని ఆదిలాబాద్ వైపు పల్లెలో అనుకుందాం. దూరం 300 కిలోమీటర్ల పైనే. ముందురోజు సాయంత్రం పెట్టె తెచ్చుకుని, మర్నాడు కొలిచి, ఆ మర్నాడు తిరిగి అప్పజెబితే ఒక్కరోజు పనికి రెండు మూడు రోజుల అద్దె పడుతుంది. అప్పుడు 77 అద్దె రోజులంటే పని రోజులు 26 నుంచి 38 మాత్రమే. నెలకు మూడు రోజులు పనున్నవాడు కూడా కొనడం వైపు మొగ్గవలసి వస్తుంది. బస్సు చార్జీలు ఇంకా కలపలేదు.

దీనికి తోడు పక్క పొలం రైతు అడ్డం తిరిగితే ఆ రోజు పని ఆగిపోతుంది. వాన పడ్డా, నోటీసు అందలేదని ఒకరు రాకపోయినా అంతే. అద్దె మాత్రం ఆగదు. హద్దు తగాదాల్లో ఒక్క రోజులో తెమిలే పనులు తక్కువేనని ఈ వృత్తిలో ఉన్న ఎవరికైనా తెలుసు.

మరోవైపు ఈఎంఐ కూడా ఆగదు. వ్యవసాయ భూముల సర్వేకు సీజన్ ఉంది. యాసంగి కోతలయ్యాక, వానలు పడకముందు పొలాలు ఖాళీగా ఉంటాయి, గట్లు కనబడతాయి. నాట్లు పడ్డాక ట్రైపాడ్ కాళ్లు బురదలో దిగిపోతాయి, రైతు కూడా మడిలోకి దిగనివ్వడు. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పని ముంచెత్తుతుంది, ఆగస్టులో పెట్టె బీరువా పక్కన కూర్చుంటుంది. ఆగస్టులోనూ 10,900 కట్టాలి. మరి మేలో అద్దెకు తేవచ్చు కదా అంటే, ఆ నెలలో అందరికీ మిషన్ కావాలి, షాపులో దొరకదు. దొరికినా పాతదో, ప్రిజం (మిషన్ కాంతిని తిప్పి పంపే గాజు) పోల్ వంగిందో అంటగడతారు.

డబ్బు చేతికొచ్చే తీరు కూడా చూడాలి. అద్దె, అడ్వాన్స్ ముందే కట్టాలి. సర్వే ఫీజు చాలాసార్లు ప్లాన్ చేతికిచ్చాకే వస్తుంది, తగాదా ఉంటే అదీ సగమే. చేతిలో పెద్దగా సొమ్ము లేనివాడికి అద్దె సులువని పైకి అనిపిస్తుంది కానీ, నెలలో ఆరేడు చిన్న పనులు పడితే అద్దెల కోసమే చేబదులు చేయవలసి వస్తుంది.

పెట్టెలో మిగిలిపోయిన పాత సెట్టింగులు

డబ్బు లెక్కలో కనబడని ఖర్చు ఇది. అద్దె మిషన్ నిన్న ఎవరి చేతిలో ఉందో తెలియదు.

టోటల్ స్టేషన్‌లో ప్రిజం కాన్‌స్టెంట్ అనే సెట్టింగు ఉంటుంది, ప్రిజంను బట్టి దూరంలో ఎంత సరిచేయాలో చెప్పేది ఇదే. చాలా కంపెనీల మామూలు ప్రిజంకు ఇది మైనస్ 30 మిల్లీమీటర్లో, సున్నానో ఉంటుంది. నిన్న వాడినవాడు సున్నా ప్రిజంతో కొలిచి అలాగే వదిలేశాడు. ఈరోజు తెచ్చుకున్నవాడి చేతిలో మైనస్ 30 ప్రిజం ఉంది. స్క్రీన్ మీద ఏ తేడా కనబడదు, మిషన్ కూత పెట్టదు. ప్రతి దూరమూ 3 సెంటీమీటర్లు ఎక్కువ వస్తుంది, అంతే. రెండు హద్దుల మధ్య నిలబడి రెండు వైపులా కొలిస్తే తేడా 6 సెంటీమీటర్లు. పొలం గట్టు మీద దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఊళ్లో గోడకూ గోడకూ మధ్య రెండంగుళాలపైన అంటే కోర్టు మెట్లెక్కుతారు.

ఉష్ణోగ్రత సెట్టింగూ ఇలాంటిదే. గాలి వేడెక్కితే కాంతి వేగం కొద్దిగా మారుతుంది. ఒక్కో డిగ్రీకి దూరంలో దాదాపు ఒక పీపీఎం, అంటే కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు తేడా. మిషన్‌లో 20 డిగ్రీలు పెట్టి ఉండి, బయట 42 ఉంటే అర కిలోమీటరుకు 11 మిల్లీమీటర్లు తప్పుతుంది.

రోవర్‌తో వచ్చే తప్పులు ఇంకా పెద్దవి, కానీ అంత ప్రమాదం కాదు. తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం యూటీఎం (భూమిని నిలువు పట్టీలుగా విడదీసి కోఆర్డినేట్లు ఇచ్చే పద్ధతి) 44వ జోన్‌లో ఉంది. 78 డిగ్రీల రేఖాంశానికి పడమరన ఉన్న అనంతపురం, హిందూపురం లాంటివి 43లోకి వస్తాయి. జోన్ మార్చకుండా అనంతపురంలో కొలిస్తే కోఆర్డినేట్లు వందల కిలోమీటర్ల తేడాతో పడతాయి. మ్యాప్ మీద పెట్టగానే దొరికిపోతుంది. సముద్రమట్టం ఎత్తుకు బదులు ఎలిప్సాయిడ్ (భూమి ఆకారానికి లెక్కగట్టిన నమూనా) ఎత్తు వస్తే పదుల మీటర్ల తేడా ఉంటుంది, అదీ దొరుకుతుంది. 3 సెంటీమీటర్ల తప్పు అలా దొరకదు. సర్వేయర్‌ను ముంచేది చిన్న తప్పే.

అందుకే అద్దె షాపు ముందు గడిపే పావుగంటకు విలువ ఉంది. టేపుతో 30 మీటర్లు కొలిచి గుర్తు పెట్టుకుని, అదే దూరం మిషన్‌తో కొట్టి చూస్తే ప్రిజం కాన్‌స్టెంట్ గుట్టు బయటపడుతుంది. దూరంగా ఉన్న సెల్ టవర్ కొసను ఫేస్ లెఫ్ట్‌లో (మిషన్ నిలువు చక్రం ఎడమన ఉండగా) చూసి, టెలిస్కోప్ తిప్పి ఫేస్ రైట్‌లో మళ్లీ చూడాలి. రెండు రీడింగుల మధ్య సరిగ్గా 180 డిగ్రీలు ఉండాలి. 20 సెకన్లు (సెకనంటే ఇక్కడ డిగ్రీలో 3,600వ వంతు) అటూ ఇటూ వస్తే అందులో సగం, 10 సెకన్లు, మిషన్ దోషం. మిషన్ మీదున్న లెవెల్ బుడగ ఒకచోట నిలిచి, మిషన్ తిప్పగానే కదిలిపోతుంటే ఆ పెట్టె తిరిగి ఇచ్చేయడమే మేలు. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ అడిగి తేదీ చూడాలి, సర్టిఫికెట్ మీదున్న సీరియల్ నంబరు మిషన్ మీదున్నదేనా అన్నదీ చూడాలి. ఇది అనుమానం కాదు, అలవాటు కావాలి.

సొంత మిషన్‌కు కూడా దోషాలుంటాయి. కానీ అది ఎప్పుడు కింద పడిందో, ఎండలో ఎలా నడుస్తుందో యజమానికి తెలుసు. రేపు తగాదా ముదిరి కొలత మీద ప్రశ్న వస్తే ‘ఆ రోజు మిషన్ బాగానే ఉంది’ అని చెప్పడానికి రికార్డు ఉంటుంది. అద్దె మిషన్ వాడినవాడు ఆ రోజు చెక్ చేసిన రీడింగులు ఫీల్డ్ బుక్‌లో రాసిపెట్టుకోకపోతే చెప్పడానికి ఏమీ మిగలదు.

టోటల్ స్టేషన్ ఒక తీరు, రోవర్ ఇంకో తీరు

ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడంలోనే చాలామంది లెక్క తప్పుతోంది.

టోటల్ స్టేషన్ ముదిరిన సరుకు. కోణం, దూరం కొలిచే పద్ధతి చాలా ఏళ్లుగా పెద్దగా మారలేదు. బాగా చూసుకున్న పదేళ్ల మిషన్ ఇవాళ్టికీ పొలం పనికి సరిపోతుంది, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లూ ఉన్నారు. రోవర్ అలా కాదు, ఫోన్ బాపతు. కొత్త శాటిలైట్లు, కొత్త చిప్‌లు, పోల్ వంచి కొలిచినా సరిచేసే టిల్ట్ సెన్సర్లు వస్తున్నకొద్దీ పాత మోడల్ విలువ పడిపోతుంది. స్విట్జర్లాండ్, అమెరికా, జపాన్ కంపెనీలే ఏలిన మార్కెట్‌లోకి చైనా కంపెనీలు వచ్చాక ధరలు బాగా దిగాయి. కొన్నవాడికి ఇది రెండంచుల కత్తి. కొనేటప్పుడు చవక, అమ్మేటప్పుడు ఇంకా చవక. కాబట్టి రోవర్‌ను ఐదేళ్లకు కాదు, మూడేళ్లకు లెక్కేసుకోవడం క్షేమం.

అయితే ఇక్కడ ఒక వెసులుబాటు ఉంది. పాత పద్ధతిలో ఒకచోట నిలిపి ఉంచే బేస్ ఒకటి, తిరుగుతూ కొలిచే రోవర్ ఒకటి, జత కొనాలి. సీఓఆర్ఎస్ సేవ అందేచోట బేస్ అక్కర్లేదు. రోవర్‌లో సిమ్ వేసి ఇంటర్నెట్ ద్వారా కరెక్షన్ తీసుకుంటే ఒక్క రోవర్‌తోనే సెంటీమీటర్ల కచ్చితత్వం వస్తుంది. అంటే సగం పెట్టుబడి. ఏజెన్సీలో మొబైల్ సిగ్నల్ అందని ఊళ్లలో మాత్రం జత తప్పదు. అలాంటి పని ఏడాదికి నాలుగైదుసార్లే వస్తే, రోవర్ సొంతానికి కొనుక్కుని బేస్ అప్పటికప్పుడు అద్దెకు తేవడం తెలివైన పని. రెండూ ఒకే కంపెనీవి అయితే తలనొప్పి తక్కువ.

రోవర్ ఉంటే టోటల్ స్టేషన్ ఎందుకన్నవాళ్లు కోనసీమ కొబ్బరితోటలోనో, పామాయిల్ తోటలోనో ఒకసారి నిలబడితే చాలు. ఆకుల కింద సిగ్నల్ విరుగుతుంది, ఫిక్స్ (కచ్చితంగా తేలిన స్థానం) రాదు, వచ్చినా నమ్మలేం. ఊళ్లో ఇళ్ల మధ్యా అంతే. దక్షిణాదిలో సూర్యాస్తమయం తర్వాత అయనోస్ఫియర్ అలజడి వల్ల కూడా, ముఖ్యంగా సూర్యుడి చురుకుదనం ఎక్కువున్న ఏళ్లలో, రోవర్ మొరాయిస్తుంది. కాబట్టి తోటలు, పట్టణాలు ఎక్కువున్న చోట ముందు కొనవలసింది టోటల్ స్టేషన్. బయలు పొలాలున్న పాలమూరు, అనంతపురం లాంటి చోట ముందు రోవర్.

డ్రోన్ సంగతి వేరు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం వ్యాపారానికి వాడాలంటే అతి చిన్నవైన నానో తరగతి దాటిన డ్రోన్‌కు రిమోట్ పైలట్ సర్టిఫికెట్ కావాలి. వందల ఎకరాల పని లేకుండా ఒంటరి సర్వేయర్ డ్రోన్ కొనడంలో అర్థం లేదు. అవసరమైనప్పుడు పైలట్‌తో సహా మాట్లాడుకుంటే సరిపోతుంది.

ట్రైపాడ్, ప్రిజం, పోల్, ఎత్తుల తేడా కొలిచే ఆటో లెవెల్‌ల విషయంలో చర్చే అక్కర్లేదు. కొనుక్కోవాలి.

ఎంత కచ్చితత్వానికి డబ్బు పెట్టాలి?

టోటల్ స్టేషన్ ధరను పెంచేది ముఖ్యంగా కోణం కచ్చితత్వం. 5 సెకన్ల మిషన్ 100 మీటర్ల దూరంలో రెండున్నర మిల్లీమీటర్లు పక్కకు తప్పవచ్చు, 1 సెకను మిషన్ అర మిల్లీమీటరు. పొలం హద్దు రాయి వెడల్పే అరడుగు ఉంటుంది. వంతెనలు, మెట్రో పిల్లర్లు, ఫ్యాక్టరీ మిషన్ల బిగింపుల్లో ఒక సెకను మిషన్‌కు పని ఉంది. భూమి కొలతకు 5 సెకన్లది చాలు, మహా అయితే 2 సెకన్లది. పెద్ద కంపెనీ కాంట్రాక్టు పడినప్పుడు ఒక సెకను మిషన్ అద్దెకు తెచ్చి, బిల్లులో ఆ అద్దె కలుపుకోవచ్చు.

పన్ను, అప్పు

అద్దె మొత్తం ఆ ఏడాది ఖర్చులో రాసుకోవచ్చు. కొన్న మిషన్‌కు ఏడాదికి 15 శాతం చొప్పున తరుగుదల చూపాలి. 5 లక్షలకు మొదటి ఏడాది 75 వేలు. ఆర్థిక సంవత్సరంలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. అక్టోబరు మొదటివారం దాటాక కొంటే ఈ చిక్కు వస్తుంది. రాబడిలో ఇంత శాతం లాభమని నేరుగా చూపి పన్ను కట్టే చిన్న సర్వేయర్లకు మాత్రం అద్దె, తరుగుదల రెండూ విడిగా లెక్కకు రావు, వాళ్లు ఈ కోణాన్ని వదిలేయవచ్చు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు కొన్నదాని మీద, అద్దె మీద కట్టిన పన్నును తమ పన్నులో సర్దుకోవచ్చు. సేవల రాబడి ఏడాదికి 20 లక్షల లోపుండి రిజిస్ట్రేషన్ తీసుకోనివాళ్లకు ఆ 18 శాతం చేతి ఖర్చే.

అప్పుకు ముద్ర లోన్ ఒక దారి. కిశోర్ విభాగంలో 5 లక్షల దాకా, తరుణ్‌లో 10 లక్షల దాకా పూచీ లేకుండా ఇస్తారు. బ్యాంకు అడిగేది కొటేషన్, లైసెన్స్, గత రాబడి. ఏడాదిపాటు అద్దె మిషన్‌తో పనిచేసి, రసీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు జాగ్రత్త చేసుకున్నవాడికి ఆ మూడోది చేతిలో ఉంటుంది. లైసెన్స్ వచ్చిన వారానికే షోరూమ్‌కు పరుగెత్తనక్కర్లేదనడానికి ఇదొక కారణం. ఆ ఏడాదిలో తన పనికి ఏ మిషన్ ఎన్ని రోజులు కావాలో కూడా తెలిసొస్తుంది.

సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ఒక్కటి మరవకూడదు. కొన్ని రోవర్లకు రిజిస్ట్రేషన్ కోడ్ ఉంటుంది, గడువు తీరితే బండి కదలదు. కోడ్ శాశ్వతమా, ఎన్నాళ్లుంది అన్నది డబ్బు ఇవ్వకముందే స్క్రీన్ మీద చూసుకోవాలి. అసలు బిల్లు లేని మిషన్ ఎంత చవకైనా ముట్టుకోకపోవడం మంచిది. సైట్లలో పోయిన పెట్టెలు కూడా మార్కెట్‌లో తిరుగుతుంటాయి.

ఇక ముందు

వేల మంది కొత్త లైసెన్స్‌దారులు రావడంతో అద్దె వ్యాపారం పెద్ద నగరాలు దాటి జిల్లా కేంద్రాలకు చేరే అవకాశం ఎక్కువ. సొంత మిషన్ కొన్నవాళ్లే ఖాళీ రోజుల్లో దాన్ని తోటివాళ్లకు కిరాయికిచ్చి ఈఎంఐలో కొంత రాబట్టుకోవచ్చు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకరు టోటల్ స్టేషన్, ఒకరు రోవర్ కొని మార్చుకోవడమూ కుదురుతుంది. అలాంటప్పుడు మిషన్ కింద పడితే ఖర్చు ఎవరిదన్నది ముందే కాగితం మీద రాసుకోవాలి. ఎందుకంటే ట్రైపాడ్ కాలు తన్నుకుని పెట్టె బోల్తా పడే రోజు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

షాపు పక్క వీధిలోకి వస్తే పొద్దున తెచ్చి సాయంత్రం అప్పజెప్పవచ్చు. పై ఉదాహరణలో ఆదిలాబాద్ సర్వేయర్‌కు 26 పని రోజులకే కొనడం లాభమైంది కదా, అతనికి ఆ హద్దు తిరిగి 77కు జరుగుతుంది. పోటీతో అద్దె 1,000కి దిగితే 115కు. ఈ సంవత్సరం కొనడమే మేలని తేలినవాడికి రెండేళ్ల తర్వాత అదే లెక్క అద్దె వైపు మొగ్గవచ్చు.